నివురుగప్పిన నిప్పు: పొగ మానినవారిని వదలని యావకు ఒక చరిత్ర

పొగతాగడం మానివేసి ఆరు నెలలో, ఏడాదో గడిచినవారు వైద్యుని వద్దకు వచ్చి అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "మానేశాను కదా సార్, మరి ఇంకా ఎందుకు లాగుతోంది?" గూడూరులో నేను ఈ మాటను రైల్వే ఉద్యోగుల నోట విన్నాను, మైకా గనుల్లో పనిచేసినవారి నోట విన్నాను, నిమ్మకాయల మార్కెట్టులో మూటలు మోసేవారి నోట విన్నాను. అడిగేవారి గొంతులో కొంత సిగ్గు, కొంత భయం ఉంటాయి. తమ సంకల్పంలోనే ఏదో లోపమున్నదని, ఇతరులకు సాధ్యమైనది తమకు సాధ్యం కాలేదని వారు అనుకుంటారు. నా అనుభవంలో పొగ మానినవారిని తిరిగి పొగలోకి లాగేది యావ ఒక్కటే కాదు, ఆ యావను చూచి కలిగే ఈ నిరాశ కూడా.

ఈ ప్రశ్నకు సమాధానం మందుల పుస్తకంలో సగమే దొరుకుతుంది. మిగిలిన సగం చరిత్రలో ఉంది. పొగాకు మన జీవితంలోకి ఏ దారిన వచ్చింది, మన దినచర్యలో ఏయే మూలల్లో తిష్ఠ వేసింది, యావ స్వభావాన్ని వైద్యశాస్త్రం ఎప్పటికి గ్రహించగలిగింది, మన తెలుగు పల్లెల్లోనే వేలమందిచేత పొగ మాన్పించడానికి జరిగిన ప్రయత్నం ఏమి నేర్పింది అన్నవి తెలుసుకుంటే, ఈ సిగ్గుకు కారణం లేదని పాఠకులకే అర్థమవుతుంది.

పరాయి నేల నుంచి వచ్చిన ఆకు

పొగాకు మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండపు మూలవాసులు దానిని తరతరాలుగా వాడుతుండేవారు. 1492లో కొలంబస్ యాత్ర తరువాత అది ఐరోపాకు చేరింది. అక్కడి నుంచి పోర్చుగీసు ఓడల మీద మన పశ్చిమ తీరానికి వచ్చింది. మొగలాయి దర్బారులో దాని ప్రవేశాన్ని అసద్ బేగ్ అనే ఉద్యోగి వ్రాసి ఉంచాడు. 1604-05 ప్రాంతంలో బిజాపూరు నుంచి తిరిగివచ్చిన అతడు అక్బరు చక్రవర్తికి పొగాకును, అలంకరించిన గొట్టాన్ని కానుకగా సమర్పించాడు. చక్రవర్తి కుతూహలంతో రుచి చూడబోగా ఆస్థాన వైద్యుడు అభ్యంతరం చెప్పాడు. గుణదోషాలు తెలియని వస్తువును ఏలినవారు వాడరాదని ఆయన వాదన. అక్బరు దానిని అలవాటు చేసుకోలేదు. కాని దర్బారులోని ప్రభువులు మాత్రం ఆ కొత్త ఆకును తమకూ కావాలని అడిగి తీసుకున్నారు. ఆ కొడుకు జహంగీరు 1617లో పొగతాగడాన్ని నిషేధిస్తూ ఆజ్ఞ ఇచ్చాడు. ఆజ్ఞ కాగితం మీద నిలిచింది, పొగ దేశమంతా వ్యాపించింది.

తెలుగు నేలలో ఈ మొక్కకు గోదావరి, కృష్ణా మండలాలు బాగా అచ్చివచ్చాయి. వరద వచ్చి పోయిన తరువాత ఒండ్రుమట్టి మిగిలే గోదావరి లంకల్లో పండిన ఆకు 'లంక పొగాకు' పేరుతో ప్రసిద్ధి పొందింది. ఆ ఆకుతో చుట్టిన చుట్ట తెలుగువారి సొంత వస్తువన్నంతగా ఇంటింటా స్థిరపడింది. గురజాడవారి 'కన్యాశుల్కం'లో గిరీశం చేతిలో చుట్ట లేకుండా ఊహించలేము. చుట్ట కాల్చనివాణ్ణి ఎగతాళి చేసే చాటుపద్యాలు కూడా పుట్టాయంటే ఆ అలవాటుకు సంఘంలో ఎంత మన్నన ఉండేదో తెలుస్తుంది.

దినచర్యలో కలిసిపోయిన పొగ

ఇరవయ్యవ శతాబ్దంలో దృశ్యం మారింది. 1920ల్లో గుంటూరు ప్రాంతంలో వర్జీనియా పొగాకు సాగు వేళ్లూనుకున్నది. ఆకును వేడిగాలితో ఆరబెట్టే బ్యారన్లు పొలాల్లో వెలిశాయి. 1930లో హైదరాబాదులో ఏర్పడిన వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ తయారుచేసిన చార్మినార్ సిగరెట్టు తెలుగు పట్టణాల్లో సామాన్యుని సిగరెట్టయింది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ, 1976లో గుంటూరులో పొగాకు బోర్డు ఏర్పడ్డాయి. మన నెల్లూరు జిల్లా ఉత్తర భాగంలో కలిగిరి, డి.సి.పల్లి వంటి చోట్ల పొగాకు వేలం కేంద్రాలున్నాయి. రైతుకు ఇది జీవనాధారమైన పంట అన్న సంగతి మరువరాదు. ఆ రైతును నిందించడం నా ఉద్దేశం కాదు.

నేను చెప్పదలచినది వేరు. ఈ మూడు నాలుగు వందల ఏళ్లలో పొగ మన ఊపిరితిత్తుల్లోకి మాత్రమే కాక మన కాలంలోకి కూడా ప్రవేశించింది. ఉదయం కాలకృత్యాలకు ముందు ఒకటి. భోజనం కాగానే ఒకటి. కాఫీ గ్లాసు చేతికి రాగానే ఒకటి. గనిలో పనివాడు గుంత నుంచి పైకి వచ్చి అలుపు తీర్చుకునే పది నిమిషాలకు 'బీడీ వేళ' అని పేరు. చేపల వేటకు పోయినవారికి వల వేసిన తరువాత ఎదురుచూసే సమయం బీడీది. గూడూరు జంక్షనులో చెన్నై, విజయవాడ, రేణిగుంట దారులు కలుస్తాయి. బండి ఆగిన కాసేపటిలో దిగి పొగ వెలిగించుకోవడం ప్రయాణికుల్లో ఒక తరం పాటించిన ఆచారం. సంతోషం వస్తే ఒకటి, దుఃఖం వస్తే రెండు. బంధువు చనిపోయిన ఇంటి అరుగు మీద మాటలు కరవైనప్పుడు చేతికి పని కల్పించినదీ ఈ పొగే.

ఇప్పుడు ఆలోచించండి. రోజుకు పది సిగరెట్లు తాగేవాడు ఇరవై ఏళ్లలో డెబ్బై వేలకు పైగా సిగరెట్లు తాగుతాడు. ఒక్కొక్కటీ ఏదో ఒక వేళకు, ఒక చోటుకు, ఒక మనిషికి, ఒక మనఃస్థితికి ముడిపడినదే. డెబ్బై వేలసార్లు బిగించిన ముడి, మానేస్తున్నానని ఒక ఉదయం అనుకున్నంత మాత్రాన విడిపోతుందా?

వైద్యశాస్త్రం ఆలస్యంగా గ్రహించిన సత్యం

పొగాకులోని నికోటిన్‌ను జర్మనీలోని హైడెల్‌బర్గ్ శాస్త్రజ్ఞులు 1828లోనే వేరుచేశారు. అయినా పొగతాగేవాణ్ణి కట్టిపడవేసేది ఆ పదార్థమే అన్న విషయం వైద్యలోకం ఒప్పుకోవడానికి నూట అరవై ఏళ్లు పట్టింది. గ్లాస్గో వైద్యుడు లెనాక్స్ జాన్‌స్టన్ నికోటిన్‌ను సూదిమందుగా తనకు తాను ఎక్కించుకొని చూచాడు. కొంతకాలానికి ఆ సూదిమందు సిగరెట్టు కోరికను తీర్చడం గమనించి 1942లో లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు. ఆ మాటను అప్పట్లో పట్టించుకున్నవారు తక్కువ. 1964లో వెలువడిన అమెరికా సర్జన్ జనరల్ నివేదిక పొగ వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందని నిర్ద్వంద్వంగా చెప్పింది. అయితే పొగతాగడాన్ని 'అలవాటు' అన్నదే తప్ప 'వ్యసనం' అనలేదు. నికోటిన్ వ్యసనాన్ని కలిగించే పదార్థమని ఆ కార్యాలయమే 1988 నివేదికలో ప్రకటించింది.

నా తరం వైద్యులు చదువుకున్న రోజుల్లో అది అలవాటే. అలవాటైతే మనసు గట్టి చేసుకుంటే పోవాలి కదా! పోకపోతే ఆ తప్పు రోగిదే అన్న భావం ఆ మాటలోనే ఉంది. మీరు ఈనాడు పడే సిగ్గు ఆ పాత మాట మిగిల్చిన బరువే.

ఈ మధ్యకాలంలో ఒక చక్కని ఉపాయం బయటపడింది. స్వీడన్ జలాంతర్గాముల్లో పనిచేసే నావికులకు లోపల పొగతాగే వీలులేదు. వారు నోటిలో పెట్టుకునే పొగాకుతో సరిపెట్టుకోవడాన్ని ఒక పరిశోధకుడు గమనించి, 1967లో ఓవ్ ఫెర్నో అనే ఔషధ శాస్త్రజ్ఞునికి తెలియజేశాడు. పొగలోని విషాలు లేకుండా నికోటిన్ మాత్రమే అందించే చూయింగ్ గమ్ ఆ ఆలోచన నుంచే పుట్టింది. అది 1978లో స్విట్జర్లాండులో మొదటిసారి అమ్మకానికి వచ్చింది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల పట్టికలో నికోటిన్ చికిత్స చోటు పొందింది.

అయితే నికోటిన్ ఒక్కటే కథ మొత్తం కాదు. అది రక్తంలో రెండు గంటలకు సగమవుతుంది. రెండు మూడు రోజుల్లో దాదాపు పూర్తిగా పోతుంది. చిరాకు, నిద్రలేమి, మనసు నిలవకపోవడం వంటి బాధలు మొదటి వారంలో తీవ్రంగా ఉండి, మూడు నాలుగు వారాల్లో తగ్గుముఖం పడతాయి. పొగతాగేవారి మెదడులో నికోటిన్‌ను అందుకునే గ్రాహకాల సంఖ్య పెరిగి ఉంటుంది. మానిన తరువాత ఆరు నుంచి పన్నెండు వారాల్లో అది మామూలు స్థితికి వస్తుందని మెదడు చిత్రాలు తీసి చేసిన పరిశోధనలు చూపాయి. మరి ఆరు నెలలకు లాగేది ఏమిటి?

2011లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధన దీనికి సమాధానం చెప్పింది. పొగ మానినవారికి ఏడు, పద్నాలుగు, ముప్పై ఐదు రోజుల తరువాత పొగను గుర్తుచేసే వస్తువులు, చిత్రాలు చూపించారు. రోజంతా ఉండే సామాన్య కోరిక రోజులు గడిచేకొద్దీ తగ్గింది. కాని ఆ గుర్తులు కంటపడినప్పుడు కలిగే కోరిక మాత్రం తగ్గకపోగా ముప్పై ఐదవ రోజు నాటికి పెరిగింది. అంటే యావలు రెండు. ఒకటి శరీరానిది. అది నిప్పు ఆరినట్లు వారాల్లో ఆరిపోతుంది. రెండవది జ్ఞాపకానిది. అది నివురుగప్పిన నిప్పు. గాలి తగిలినప్పుడు మాత్రమే ఎర్రబారుతుంది. కాబట్టి నెలల తరువాత బస్టాండు టీ కొట్టు ముందు ఒక్కసారిగా మనసు లాగడం మీ ఓటమికి గుర్తు కాదు. మెదడు తాను నేర్చిన పాఠాన్ని ఒకసారి అప్పజెబుతోంది, అంతే.

శ్రీకాకుళం పల్లెల్లో ఏమి జరిగింది

ఇక మన నేల మీద జరిగిన ప్రయత్నానికి వద్దాం. ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా స్త్రీలలో, అడ్డపొగ అనే ఆచారం ఉంది. చుట్ట వెలిగించి, మండే కొనను నోటి లోపల ఉంచుకొని పీలుస్తారు. దీనివల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తున్నదని డి.జి. రెడ్డి, వి.కె. రావు అనే వైద్యులు 1957లోనే వ్రాశారు. ఆ తరువాత బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన డాక్టర్ ఫలీ మెహతా, డెన్మార్కుకు చెందిన ఆచార్య పిండ్‌బోర్గ్ మొదలైనవారు శ్రీకాకుళం జిల్లాలో పదివేలమందికి పైగా గ్రామస్థుల నోళ్లు పరీక్షించి, 1971లో తమ ఫలితాలు ప్రకటించారు. ఆ పల్లెల్లో నూటికి నలభైమందికి పైగా అడ్డపొగ తాగేవారే.

పరిశోధకులు లెక్కలు వ్రాసుకొని వెళ్లిపోలేదు. 1970ల చివర శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాల పల్లెల్లో 36 వేలమందికి పైగా పొగాకు వాడేవారిని ఎంచుకొని, వారిచేత మాన్పించడానికి పూనుకున్నారు. దంత వైద్యులు ప్రతి ఏడాదీ ఇంటింటికీ వెళ్లి నోరు చూచేవారు. నోటిలో వచ్చిన మార్పును వారికే చూపి చెప్పేవారు. వ్యక్తిగత సలహాతో పాటు ప్రచార సాధనాల ద్వారా కూడా బోధన సాగింది. అవే ప్రాంతాల్లో అంతకుముందు పరిశీలించినవారితో పోల్చి చూడగా, ఈసారి పొగాకు మానినవారు, తగ్గించినవారు ఎక్కువగా కనిపించారు. క్యాన్సరుకు ముందు వచ్చే తెల్లమచ్చలు కొత్తగా ఏర్పడడం తగ్గింది. 1986లో లాన్సెట్‌లో ఐదేళ్ల ఫలితాలు వెలువడ్డాయి. పదేళ్ల పరిశీలన కూడా అదే దారి చూపింది.

ఇక్కడ నిజం దాచకూడదు. ఆ పల్లెల్లో అందరూ మానలేదు. ఎక్కువమంది మానలేదు కూడా. అయినా చదువు అంతగా లేని, తరతరాలుగా అడ్డపొగ తాగుతున్న స్త్రీలు సైతం మానగలిగారన్నది సామాన్యమైన విషయం కాదు. వారికి నికోటిన్ గమ్ లేదు, మాత్రలు లేవు. ఉన్నది ఒక్కటే: ఏడాది తిరిగేసరికి గుమ్మం ముందుకు వచ్చి, "నోరు తెరువమ్మా, చూద్దాం" అనే మనిషి.

ఈ ప్రయత్నంలో నాకు అన్నిటికంటె ముఖ్యంగా తోచినది ఆ తిరిగి రావడమే. పొగ మానే రోజున మనిషికి బలమైన కారణం ఉంటుంది. దగ్గు, ఆయాసం, గుండెనొప్పి, ఇంట్లో మనవడు పుట్టడం, స్నేహితుని మరణం, ఏదైనా కావచ్చు. మానిన మూడు నెలలకు దగ్గు తగ్గుతుంది. ఆయాసం తగ్గుతుంది. ఏ బాధను చూచి మానాడో ఆ బాధ పోగానే కారణం కూడా మరుగున పడుతుంది. జ్ఞాపకపు యావ మాత్రం ఎప్పటివలెనే ఉంటుంది. తక్కెడలో ఒక పళ్లెం ఖాళీ అయితే రెండవది కిందికి దిగక మానదు. అందుచేత మొదటి రోజున చేసుకున్న సంకల్పం ఏళ్ల తరబడి నిలువ ఉండే సరుకు కాదు. దానిని అప్పుడప్పుడు మళ్లీ నింపుకోవాలి. శ్రీకాకుళంలో ఆ వైద్యులు ఏటేటా చేసినది అదే.

దుబగుంట చెప్పిన రెండవ పాఠం

మన జిల్లాలోనే మరొక చరిత్ర ఉంది. అది పొగది కాదు, సారాది. అయినా ఈ విషయానికి దగ్గరిదే. 1992లో నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలోని దుబగుంట స్త్రీలు, అక్షరాలు నేర్చుకుంటున్న చదువుకేంద్రంలో తమ గోడు తామే మాట్లాడుకొని, ఊరిలో సారా అమ్మకాన్ని నిలిపివేయించారు. వర్ధినేని రోశమ్మ వంటి స్త్రీల పేరు రాష్ట్రమంతా మారుమోగింది. ఉద్యమం జిల్లాలు దాటి వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో సడలింది.

ఆ స్త్రీలు మగవారికి ఉపన్యాసాలివ్వడంతో సరిపెట్టలేదు. పని నుంచి ఇంటికి వచ్చే దారిలో కొట్టు లేకుండా చేశారు. యావను పుట్టించే గుర్తు కళ్ల ముందు లేకపోతే సంకల్పం మీద పడే భారం సగం తగ్గుతుందని వారికి ఏ పరిశోధనా చెప్పలేదు, అనుభవమే చెప్పింది. పొగ విషయంలో 2003 చట్టం, 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడం మీద నిషేధం చేసిన మేలు ఇదే. ఆనాటి గూడూరు ప్లాట్‌ఫారంతో నేటి ప్లాట్‌ఫారాన్ని పోల్చి చూడండి. మానినవాడు ఈనాడు బండి దిగితే ఎదుర్కోవలసిన గుర్తులు చాలా తక్కువ.

మానినవారు చేయదగినవి

ఈ చరిత్ర నుంచి కొన్ని ఆచరణీయమైన మాటలు చెప్పి ముగిస్తాను.

మొదటిది, మీ పొగ ఏయే వేళలకు ముడిపడి ఉన్నదో ఒక కాగితం మీద వ్రాయండి. ఒక్కొక్క ముడికి ఒక్కొక్క బదులు పని పెట్టుకోండి. భోజనం కాగానే వక్కో సోంపో నమలవచ్చుననుకునేవారు వక్క కూడా నోటి క్యాన్సరుకు కారణమని గుర్తుంచుకొని సోంపుతోనే ఆగాలి. టీ కొట్టు వద్ద నిలబడే అలవాటుంటే కొన్ని నెలలు టీ ఇంట్లోనే తాగండి.

రెండవది, యావ వచ్చినప్పుడు గడియారం చూడండి. తీవ్రమైన యావ సాధారణంగా కొద్ది నిమిషాలే ఉంటుంది. అమెరికా మనస్తత్వవేత్త అలన్ మార్లాట్ దీనిని సముద్రపు అలతో పోల్చాడు. మన తీరవాసులకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. అలకు ఎదురొడ్డితే పడగొడుతుంది, దానితోపాటు తేలితే దాటిపోతుంది. ఒక గ్లాసు నీళ్లు, పది గాఢమైన శ్వాసలు, వీధి చివరి దాకా నడక, ఇంతలో అల విరుగుతుంది. గుర్తు ఎదురైనా పొగ తాగకుండా దాటిన ప్రతిసారీ ఆ ముడి కొంత వదులవుతుంది.

మూడవది, ఎప్పుడైనా ఒకటి తాగినా అంతా పోయిందనుకోవద్దు. ఒక్కటి తాగినందువల్ల కలిగే హాని కంటె, "ఇక నావల్ల కాదు" అన్న నిరాశ మనిషిని పూర్తిగా పొగలోకి నెడుతుందని మార్లాట్ 1985లో వెలువరించిన గ్రంథంలో వివరించాడు. పడినచోటనే లేవాలి. అయితే ఇదే మాటను "ఒక్కటికేముందిలే" అనడానికి సాకుగా వాడుకోకూడదు.

నాలుగవది, మీ కారణాన్ని ఏటా నవీకరించుకోండి. మానిన తేదీని గుర్తుపెట్టుకొని, ప్రతి ఏడాదీ ఆ రోజున వైద్యుని వద్దకు వెళ్లి రక్తపోటు, ఊపిరి, నోరు పరీక్ష చేయించుకోండి. సర్ రిచర్డ్ డాల్ బృందం బ్రిటిష్ వైద్యులను 1951 నుంచి యాభై ఏళ్లు పరిశీలించి 2004లో చెప్పిన లెక్క ఇది: ముప్పై ఏళ్ల వయసులో మానినవారికి సుమారు పదేళ్లు, నలభైలో తొమ్మిదేళ్లు, యాభైలో ఆరేళ్లు, అరవైలో మూడేళ్ల ఆయుష్షు కలిసివస్తుంది. అరవై దాటిన తరువాత మానితే ఏమి లాభమని అడిగేవారికి ఆ మూడేళ్లే సమాధానం.

ఐదవది, ఒంటరిగా పోరాడవద్దు. నికోటిన్ గమ్, ఇతర మందులు వైద్యుని సలహాపై వాడవచ్చు. అది బలహీనత కాదు. కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రారంభించిన ఉచిత ఫోను సేవ 1800-11-2356 సిగరెట్టు పెట్టెల మీదే ముద్రించి ఉంటుంది. ఫోను చేయడానికి మొహమాటపడేవారు ఇంట్లో ఒకరికైనా తమ మానిన తేదీ చెప్పి, నెలకొకసారి అడగమనండి. శ్రీకాకుళం పల్లెల్లో ఏటా గుమ్మం ముందుకు వచ్చిన ఆ మనిషి పని, మీ ఇంట్లో మీ భార్యో, కూతురో, మనవడో చేయగలరు.

ఈ వ్యాసం చదువుతున్నవారిలో పొగ మానిన తరువాత ఇప్పటికీ లాగుతున్నదని బాధపడేవారుంటే, మీరు వెనుకబడినవారు కారు. నికోటిన్ మీ శరీరాన్ని విడిచి చాలాకాలమైంది. మిగిలినది పాత జ్ఞాపకం, దానికి కావలసినది కొంత కాలం, కొంత ఓపిక. ఈ రోజు మీ మానిన తేదీని క్యాలెండరు మీద వ్రాసుకోండి.